‘ఇక దిగుదాం’ అనాల్సింది ఎవరు?

శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి కళస, మూడిగెరె వైపు బయల్దేరే టెంపో ట్రావెలర్లలో తెలుగు మాటలు వినబడటం ఇప్పుడు మామూలైపోయింది. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రకారు శనివారం తెల్లారేసరికి కుద్రేముఖ్ కొండల్లో దిగి, నాలుగు నీర్‌దోసెలు తిని, జీపెక్కి ముల్లోడి చేరి నడక మొదలుపెడతారు. సాయంత్రానికి కిందికొచ్చి రాత్రికి మళ్ళీ బండెక్కితే ఆదివారం పొద్దున్న ఇంట్లో ఉంటారు. ఒక్క రోజులో ముగిసే పని కాబట్టి దీన్ని ఎవరూ పెద్ద సాహసంగా లెక్కపెట్టరు. పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ 2014లో ఎక్కిన ఎవరెస్టు సాహసం, ఇది సెలవురోజు కాలక్షేపం. అలాంటి కొండకు అటవీ శాఖ పర్మిట్ తీసుకోవాలనీ, వెంట స్థానిక గైడు ఉండి తీరాలనీ చెప్తే అదొక వసూళ్ళ మార్గమేమోనని చాలామందికి అనుమానం. కాలిబాట కళ్ళెదుట కనిపిస్తూనే ఉంటే గైడెందుకన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అయితే గైడంటే దారి చూపేవాడన్న ఊహతోనే ఆ ప్రశ్న పుడుతోంది. ఏ వేళకు వెనక్కి మళ్ళాలో తేల్చి చెప్పడం అతని అసలు పని. ఆ మాట చెల్లేటట్టు చేసినప్పుడే గైడు తప్పనిసరి అన్న నిబంధనకు విలువ ఉంటుందని నా వాదన.

ముందు కొండ సంగతి. కుద్రేముఖ్ శిఖరం ఎత్తు 1,892 మీటర్లు. కర్ణాటకలో అన్నిటికంటే ఎత్తయిన ముళ్ళయ్యనగిరి దీనికంటే నలభై మీటర్లు కూడా ఎక్కువ ఉండదు. చుట్టూ ఉన్న అడవిని 1987లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అదే కొండల్లో కుద్రేముఖ్ ఇనుప ఖనిజ సంస్థ తవ్వకాలు ఏళ్ళ తరబడి సాగి, సుప్రీం కోర్టు తీర్పుతో 2005 చివరికి ఆగిపోయాయి. తుంగ, భద్ర, నేత్రావతి నదులు మూడూ ఈ ఉద్యానవనంలోని గంగామూల దగ్గరే పుడతాయంటే ఇక్కడ కురిసే వాన ఏపాటిదో ఊహించుకోవచ్చు. తుంగ, భద్ర కలిసి తుంగభద్రై మన మంత్రాలయం మీదుగా కర్నూలు దాకా వస్తున్నాయి కాబట్టి ఆ వానతో మనకూ చుట్టరికం ఉంది. ముల్లోడి నుంచి శిఖరానికి పోయి రావడం సుమారు ఇరవై కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు ఎనిమిది తొమ్మిది వందల మీటర్లు. దారిలో వాగులు దాటాలి. మోకాలెత్తు గడ్డి పెరిగిన గుట్టల వీపుల మీదుగా నడవాలి. గుట్టకూ గుట్టకూ మధ్య లోయల్లో షోలా అడవులు గుబుర్లు గుబుర్లుగా ఉంటాయి. పొట్టి చెట్లు, కొమ్మలనిండా నాచు, నడి మధ్యాహ్నం కూడా అరచీకటి. చివరి ఎక్కుడు నిటారుగా ఉంటుంది. రాత్రి కొండ మీద గుడారాలు వేయడానికి వీల్లేదు. అంటే ఎక్కినవాళ్ళు ఎక్కినరోజే దిగాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక్క రోజు నడక తేలికనుకోవడం వెనక చిన్న లెక్క తప్పు ఉంది. చాలా రోజుల ట్రెక్‌లో ఆలస్యమైతే ఎక్కడో ఒకచోట గుడారం వేసుకుని మర్నాడు నడవొచ్చు. ఒక్క రోజు నడకకు ఆ వెసులుబాటు లేదు, సూర్యాస్తమయమే గడువు. డిసెంబరులో ఈ అక్షాంశంలో పగలు పదకొండున్నర గంటలకు కాస్త తక్కువే. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక అంచనా సూత్రం ఇచ్చాడు. ఈనాటి కొలతల్లో చెప్పాలంటే, ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి ఆరువందల మీటర్లకూ మరో గంట. ఈ లెక్కన కుద్రేముఖ్‌కు ఐదున్నర గంటలు సరిపోవాలి. కాకపోతే నైస్మిత్ మనసులో ఉన్నది అలవాటున్న, ఎక్కడా ఆగని నడకరి. మన గుంపులో పది పదిహేనుమంది ఉంటారు. ఒకరికి బూటు కరుస్తుంది, ఇంకొకరు జలగను చూసి కేక పెడతారు, వాగు దగ్గర అందరూ బూట్లిప్పి మళ్ళీ తొడుక్కోవడానికి అరగంట గడుస్తుంది, ఫొటోల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే మామూలు గుంపులకు ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. ఏడింటికి మొదలుపెట్టాల్సినవాళ్ళు తొమ్మిదింటికి మొదలుపెడితే చేతిలో ఉన్న వెసులుబాటు మొత్తం జీపు దగ్గరే కరిగిపోతుంది. శిఖరం మీంచి ముల్లోడికి నాలుగు గంటల దిగుడు, ఐదింటికల్లా అడవి బయట ఉండాలి. అలాంటప్పుడు ఒంటిగంటకు ఎవరెక్కడున్నా వెనక్కి మళ్ళాల్సిందే. కూడికలూ తీసివేతలూ వచ్చిన ఎవరైనా ఇంటి దగ్గర కూర్చుని ఈ లెక్క వేయగలరు. కొండ మీద, శిఖరం అరగంట దూరంలో కనిపిస్తున్నప్పుడు వేయగలవాళ్ళు తక్కువ.

దానికి మొండితనం ఒక్కటే కారణం కాదు, ఒళ్ళు కూడా మోసం చేస్తుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, గుండె దడదడలాడుతుంది, కాబట్టి కష్టం ఎంతో మనకు తెలిసిపోతుంది. దిగేటప్పుడు ఊపిరి హాయిగా ఆడుతుంది, కబుర్లు కూడా సాగుతాయి, ఇక అయిపోయిందిలే అనిపిస్తుంది. తొడ కండరాలు మాత్రం అప్పుడే ఎక్కువ దెబ్బతింటాయి. పై అడుగు నుంచి కింది అడుగుకు ఒంటి బరువంతా దిగుతుంటే ఆ కండరం సాగుతూనే ఆ బరువును నిలబెట్టాలి. కుదించుకుంటూ చేసే పనికంటే ఇలా సాగుతూ చేసే పని కండరపు పోగులను ఎక్కువగా చీలుస్తుంది. మర్నాడు ఆఫీసు మెట్లు దిగలేక గోడ పట్టుకునేది ఇందుకే. జిమ్‌కు పోయేవాళ్ళకూ, మారథాన్ పరుగెత్తేవాళ్ళకూ ఈ బాధ తప్పదు. చదును నేల మీద సంపాదించిన దమ్ము ఎక్కుడుకు పనికొస్తుంది, గంటల తరబడి దిగుడుకు అలవాటు వేరే కావాలి. ఆస్ట్రియా ఆల్ప్స్‌లో నడకదారుల ప్రమాదాలను పరిశీలించినవాళ్ళు కూడా జారిపడిన ఘటనల్లో ఎక్కువ భాగం దిగేటప్పుడే జరిగాయని గుర్తించారు. మధ్యాహ్నం మూడింటికి కాళ్ళు వణకడం మొదలైన మనిషి గులకరాళ్ళ మీద అడుగు వేసే తీరు చూడండి. పాదం మొత్తం ఆనించకుండా మడమతో బ్రేకు వేస్తాడు, శరీరాన్ని వెనక్కి వాలుస్తాడు, దాంతో మడమ జారి కూలబడతాడు. అనుభవమున్న గైడు ఆ వాలును దూరం నుంచే పసిగడతాడు. ఆ మనిషి చేతికో కర్ర ఇచ్చి తన వెనకే నడవమంటాడు. ‘నేను ఫిట్‌గా ఉన్నాను, నాకు గైడెందుకు’ అన్న మొదటి అభ్యంతరానికి ఇది ఒక జవాబు. ఇంకొకటి కూడా ఉంది. గుంపు వేగం అందరికంటే వెనకబడ్డవాడి వేగమే. ఎంత ఫిట్‌గా ఉన్నా స్నేహితుణ్ణి అడవిలో వదిలి దిగిపోలేరు కదా.

పొద్దు వాలాక ఏమవుతుందో కూడా కాస్త చూడాలి. షోలా అడవిలో సాయంత్రం బయటికంటే ముందే మొదలవుతుంది. గడ్డి గుట్ట మీద ఇంకా ఎండ పొడ ఉండగానే చెట్ల కింద వేళ్ళూ రాళ్ళూ ఒకే రంగులోకి మారిపోతాయి. పడమటి సముద్రం మీంచి మంచు ఎక్కివస్తే పక్క గుట్ట కనబడదు. పశువులు తొక్కిన దారులు నడకదారిలాగే ఉండి లోయలోకి తీసుకుపోతాయి. వానాకాలంలో పొద్దున్న చీలమండ దాకా ఉన్న వాగు పైన కురిసిన వానకు సాయంత్రానికి తొడ దాకా రావొచ్చు. నీటి వేగం రెట్టింపైతే అది కాలిని తోసే బలం నాలుగు రెట్లవుతుంది. కంటికి కాస్త జోరుగా అనిపించిన నీరు కాలికి గోడలా తగిలేది ఇందుకే. తడిసిన బట్టల మీద కొండగాలి వీస్తే దక్షిణాదిలో కూడా మనిషి వణికి, మాట తడబడి, బుర్ర పని చేయని స్థితికి చేరతాడు. ఈ ముప్పుల్లో చాలావాటిని విడిగా అయితే తట్టుకోవచ్చు. ఆలస్యం వీటన్నిటినీ ఒకచోట కలుపుతుంది.

కొండకు వేళ ఉంటుందన్న సంగతి మన తెలుగువాళ్ళకు ట్రెక్కింగ్ కంపెనీలు నేర్పింది కాదు. ఎగువ అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా పోయే భక్తులు ఊళ్ళోవాళ్ళను తోడు తీసుకునే బయల్దేరతారు. నల్లమలలో సలేశ్వరం లోయ దారి చైత్ర పౌర్ణమి జాతరకు కొద్ది రోజులే తెరుచుకుంటుంది. అక్కడి లింగమయ్యకు పూజారులు చెంచులే, అడవి పోకడ తెలిసినవాళ్ళూ వాళ్ళే. ఇక అలిపిరి మెట్లదారి. 3,550 మెట్లు, పైకప్పు, దీపాలు, దుకాణాలు, పగలూ రాత్రీ జనం. ఇంతకంటే సురక్షితమైన కొండదారి దేశంలో ఉంటుందా అనిపిస్తుంది. 2023 ఆగస్టులో ఆ దారిలోనే ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం తీసుకున్న చర్యల్లో చేతికర్రలు ఇవ్వడం మీద జోకులు పేలాయి గాని, మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్ళలోపు పిల్లలను నడకదారిలోకి పంపకూడదన్న ఆంక్ష మీద పెద్దగా చర్చ జరగలేదు. నా దృష్టిలో అసలు తెలివైన చర్య అది. ఎంత బలవంతుడివి, ఎంత అనుభవం ఉందన్న ప్రశ్నలే లేవు. గంట కొట్టింది, గేటు మూసింది, అంతే. ఆ గంటను అడవిలో మోసుకుని తిరిగే గేటే గైడు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంది, అందులో దారి పటముంది, సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం చుక్క పెట్టి చూపిస్తుందన్నది రెండో అభ్యంతరం. నిజమే, దారి తప్పడం ఒక్కటే ముప్పయితే ఫోను సగం పని చేసిపెడుతుంది. దట్టమైన చెట్ల కింద చుక్క అటూ ఇటూ జరగడం, చలికి బ్యాటరీ పడిపోవడం సర్దుకోగల లోపాలే. కానీ పటం మీద గీత ఎవరో ఎండ కాసిన జనవరిలో నడిచిన గీత. ఈ రోజు వాగు ఎలా ఉందో, ఎక్కడ చెట్టు పడిందో, ఏ షోలాలో నిన్న సాయంత్రం అడవిదున్నలు నిలబడ్డాయో దానికి తెలియదు. అంతకంటే ముఖ్యం, ఫోను ఎవరినీ ఆపదు. ఒంటిగంట అయిందని అలారం మోగుతుంది, మనమే దాని నోరు నొక్కేసి ‘ఇంకొక్క పది నిమిషాలు’ అనుకుంటాం.

మూడో అభ్యంతరం కాస్త బరువైనది. కొండలు ప్రజలవి, అడవిలో స్వేచ్ఛగా తిరిగే హక్కును పర్మిట్లతో, గైడ్లతో కట్టేస్తే ప్రకృతితో సంబంధం తెగిపోతుందని కొందరు అనుభవజ్ఞులైన నడకరులు వాదిస్తారు. ఊళ్ళోవాళ్ళు ఏ గైడూ లేకుండానే వెళ్తున్నారుగా అని ఉదాహరణ చూపిస్తారు. ఊళ్ళోవాళ్ళు వెళ్ళేది నిజం. ఏ నెలలో, ఏ వేళ వెళ్ళకూడదో వాళ్ళకు తెలిసి ఉండటం కూడా నిజం. ఈ వాదనలో ఆ రెండో సగం ఎగిరిపోతుంది. తమిళనాడు తేని జిల్లాలోని కురంగణి కొండల్లో 2018 మార్చి 11న జరిగింది గుర్తు చేసుకోవాలి. మార్చి అంటే పడమటి కనుమల్లో గడ్డి ఎండి చితుకులా ఉండే కాలం. రేగిన కార్చిచ్చులో ట్రెక్కింగ్‌కు వచ్చిన ఇరవైమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది నగరాల్లో ఉద్యోగాలు చేసుకునే యువతీయువకులు. వాలు మీద మంట పైకి పాకే వేగాన్ని మనిషి పరుగు అందుకోలేదు. అందుకే మంట కంటపడ్డాక ఎటు పోవాలన్న ప్రశ్నకంటే, ఆ నెలలో అక్కడికి పోవచ్చా అన్న ప్రశ్న ముందు రావాలి. ఎండాకాలంలో చాలా చోట్ల అటవీ శాఖలు దారులు మూసేయడానికి కారణం ఇదే. నిత్యం ఆ గడ్డి మధ్య బతికేవాళ్ళ జ్ఞానాన్ని నగరం నుంచి వచ్చినవాళ్ళు ఒక్క రోజుకు అరువు తెచ్చుకోవడమే గైడును పెట్టుకోవడం. ఏళ్ళుగా ఒకే కొండను ఎక్కుతున్న నడకరికి మినహాయింపు ఇవ్వొచ్చంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. అలాంటివాళ్ళు బండికి ఒక్కరు కూడా ఉండరు, నిబంధన రాయాల్సింది మిగతా బండి కోసం.

అసలు గట్టి అభ్యంతరం గైడ్ల గురించే ఉంది. కాగితం మీద గైడు, కొండ మీద గైడు ఒకరు కాదన్నది చాలామంది ఫిర్యాదు. ముప్పైమందికి ఒకడిని అంటగడతారు, అతను ముందు వరసతో గబగబా పైకి పోయి చెట్టు కింద కూర్చుంటాడు, వెనకవాళ్ళు ఏమయ్యారో చూడడు. ఈ ఫిర్యాదును కొట్టిపారేయలేం. గైడు వరస చివర ఉండాలి, లేదా ముందొకరు చివరొకరు ఉండాలి. ఒక్కడే ఉంటే ప్రతి మలుపు దగ్గరా తలలు లెక్కపెట్టాలి. ఇవి చేయని గైడు ఉన్నా లేనట్టే. అయితే గైడు మంచివాడై, నిపుణుడై ఉన్నా చాలదని చెప్పే ఉదాహరణ ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన చోట ఉంది. 1996 మే 10న ఎవరెస్టు మీద రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ అనే ఇద్దరు పేరుమోసిన నాయకులు తమ తమ బృందాలను నడిపించారు. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నా తిరగాలన్న నియమం వాళ్ళకు తెలియనిది కాదు. ఆ రోజు రెండు దాటాక కూడా మనుషులు శిఖరం చేరుతూనే ఉన్నారు. అంతకుముందు ఏడాది శిఖరానికి చేరువలో వెనక్కి మళ్ళిన ఒక ఆరోహకుడు ఈసారి నాలుగు దాటాక పైకి చేరాడు, హాల్ అతని కోసం ఆగిపోయాడు. తుపాను కమ్ముకుంది. నాయకులిద్దరితో సహా ఆ తుపానులో ఎనిమిదిమంది చనిపోయారు. ఎవరెస్టుకూ కుద్రేముఖ్‌కూ పోలికేమిటని నవ్వొచ్చు. ఎత్తులో, చలిలో పోలిక లేదు. డబ్బు కట్టి వచ్చిన మనిషి కళ్ళలోకి చూసి వద్దని చెప్పడం ఎంత కష్టమో, ఆ కష్టంలో మాత్రం పోలిక ఉంది. ప్రపంచ ప్రసిద్ధులే చెప్పలేకపోయిన మాటను ముల్లోడి కుర్రవాడు, రేపు కూడా ఇదే కంపెనీ పిలిస్తేనే కూలి దొరికే మనిషి, ఇంగ్లీషులో గదమాయించే ఇరవైమందికి చెప్పగలడా? ‘అన్నా, ప్లీజ్, దూరం నుంచి వచ్చాం’ అంటారు. అతను వాచీ వంక చూసి, మబ్బు వంక చూసి, సరే పదండి అంటాడు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం కూడా కలుస్తుంది. వేలు ఖర్చు పెట్టి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళను శిఖరం కనబడుతుండగా వెనక్కి పంపడం అన్యాయం కాదా? కంపెనీలు ప్రకటనల్లో శిఖరాన్నే అమ్ముతున్నంతకాలం అన్యాయంగానే అనిపిస్తుంది. బుకింగ్ చేసుకునేటప్పుడే తిరుగు వేళ చెప్పి ఒప్పుకోలు తీసుకుంటే ఆ కోపానికి చోటుండదు. తిరుపతిలో రెండు దాటాక గేటు దగ్గర ఆగిపోయిన తల్లిదండ్రులు విసుక్కుంటారు గాని కాపలా మనిషితో బేరమాడరు, ఎందుకంటే నిర్ణయం అతనిది కాదని వాళ్ళకు తెలుసు. కొండ మీద గైడుకు కావలసింది సరిగ్గా ఆ రక్షణే. దానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. అటవీ శాఖ పర్మిట్ కాగితం మీదే, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషల్లో, ఆ దారికి వెనక్కి మళ్ళాల్సిన వేళను అచ్చు వేయొచ్చు. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి. గైడుకు కూలి కంపెనీ చేతి మీదుగా కాకుండా పర్మిట్ రుసుముతో పాటే చేరితే, మధ్యలో వెనక్కి తిప్పినా అతని రోజుకూలి ఎక్కడికీ పోదు. గుంపు ఎంత ఉంటే ఎందరు గైడ్లన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఇవి వచ్చేదాకా వెళ్ళేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. జీపు దిగగానే, నడక మొదలుపెట్టకముందే, అందరూ వింటుండగా గైడును అడగాలి: ‘అన్నా, ఎన్నింటికి తిరగాలి?’ అతను చెప్పిన వేళను ఒకరు ఫోనులో కాకుండా కాగితం మీద రాసి అతని జేబులో పెట్టాలి. మధ్యాహ్నం బతిమాలడం మొదలైనప్పుడు అతను బయటికి తీసి చూపించడానికి.